పసుపంటిన పిడి

బోధన్ బస్సు కండక్టరు మా గడప దగ్గర నిలబడి చెప్పాడు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ఇల్లు పెద్దరోడ్డుకు దగ్గరే. అయినా డ్యూటీలో ఉన్న మనిషి నిండు బస్సును రోడ్డు మీద ఆపేసి, భుజాన టిక్కెట్ల సంచీతోనే సందులోకి నడిచి వచ్చాడంటే, ఆయన నోరు తెరవకముందే చెడ్డ కబురని నాకు తెలిసిపోయింది.

"అక్కా, బోధన్ల మీ ఖాలా పోయింది. పొద్దుగాల నమాజ్ జేసుకొని మల్ల పండుకున్నదట. ఎంత లేపినా లేవలేదట. ఆమె చెల్లె కొడుకు బస్టాండుకొచ్చి నీకు చెప్పుమన్నడు. నేను జర సేపట్ల వాపస్ పోత. తయారై రా, సీటు ఆపుత."

తయారయ్యేందుకేముంది? కట్టుకున్న చీరతోనే వెళ్ళాను. దారి పొడుగునా చెరకు బండ్లు. ఫ్యాక్టరీ నడిచే రోజులు కావడంతో బస్సు అడుగడుగునా ఆగుతూ పోయింది. మా బాపు మా ఊరు కోటగిరి నుంచి అట్లాంటి బండి మీదే చెరకు తోలేవాడు. పుట్టి బుద్ధెరిగాక నేను చెరకు బండిని తిట్టుకున్నది ఆ ఒక్కరోజే. నేను చేరేసరికి మగవాళ్ళు మట్టి ఇచ్చి తిరిగి వచ్చేశారు. నాకు ఆఖరి చూపు దక్కలేదు. ఆమె మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది.

నేను ఆమెకు ఏమీ కాను. పక్కింటిదాన్ని. పెళ్ళయి బోధన్‌కు కాపురానికి వచ్చినప్పుడు మేము అద్దెకు దిగిన ఇంటికీ ఆమె ఇంటికీ నడుమ నడుమెత్తు గోడ ఒక్కటే ఉండేది. గల్లీలో పిల్లాపెద్దా అందరూ ఖాలా అని పిలిచేవాళ్ళు కనుక నేనూ ఖాలా అన్నాను. పిన్నమ్మ అని అర్థం. నాకు సొంత పిన్నమ్మలకు కొదవ లేదు. వాళ్ళలో ఎవరూ నా చేతికి రివాల్వర్ ఇవ్వలేదు.

అవును, రివాల్వరే. నవ్వేవాళ్ళు నవ్వండి. అప్పుడూ నవ్వారు.

ఆమెను మొదటిసారి చూసిన రోజు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మధ్యాహ్నం బట్టలు ఆరేస్తున్నాను. గోడ అవతల తల మీదుగా తెల్లకొంగు కప్పుకున్న ఒక పెద్దమనిషి, కుడిచేతిలో నిండా నీళ్ళున్న ఇత్తడి చెంబు పట్టుకొని నిలబడి ఉంది. చెయ్యి బారుగా చాచి చెంబును నా వైపే పట్టింది. కదలదు, మెదలదు, మాట్లాడదు. కొత్తగా వచ్చిన పిల్లకు దాహమవుతుందని నీళ్ళిస్తోంది కాబోలు అనుకున్నాను. తీసుకోకపోతే మర్యాద కాదని, గోడ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో చెంబు అందుకొని గటగటా తాగేశాను.

ఆమె తెల్లబోయింది. "అరే! ఎందుకు గుంజుకున్నవ్?"

"నువ్వే ఇస్తివి గదా!"

"నేనెక్కడ ఇచ్చిన? నేను మష్క్ జేస్తున్న!"

మష్క్ అంటే సాధన. ఏం సాధనో నాకు అంతు చిక్కలేదు. నా మొహం చూసి ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకొని, "లోపటికి రా. ఎందుకో చూపిస్త. ఆ చెంబు మాత్రం వాపస్ తే," అంది.

లోపల అల్మారీ తాళం తీసి ఒక చెక్కపెట్టె బయట పెట్టింది. మూత ఎత్తితే ఆకుపచ్చ మఖ్మల్ గుడ్డ. దాంట్లో ఒదిగి రివాల్వర్. పోలీసుల నడుముకు వేలాడేది కాదు, గురి పోటీల కోసం చేసింది. గొట్టం పొడుగు. పక్కన చిన్న చిన్న అరల్లో దాని సామాను: గొట్టం తుడిచే కడ్డీ, కుంచె, చదరంగా కత్తిరించిన మెత్తటి గుడ్డముక్కలు, నూనెబుడ్డి, వేలెడంత స్క్రూ డ్రైవరు, చెవుల్లో పెట్టుకునే దూది డబ్బీ. ఒక బుల్లి కిరోసిన్ దీపం కూడా ఉంది. అదెందుకని అడిగాను. గొట్టం చివర గురి చూసే చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని మక్కీ అంటారు. ఎండలో మక్కీ మెరిస్తే కళ్ళు మోసపోతాయి. అందుకని దీపం పొగ పట్టించి నల్లగా చేస్తారు. కాటుక అన్నమాట. అది విన్నాక నాకు దాని భయం సగం పోయింది.

అన్నిటికన్నా వింతగా ఉన్నది పిడి. ఖాలా దాన్ని దస్తా అనేది. సన్నటి ఇనుముకు అంత లావు కట్టె ఎందుకో అనిపిస్తుంది. కట్టె నిండా గుంటలు, మిట్టలు. బొటనవేలికి ఒక మెట్టు, మిగతా వేళ్ళకు ఒక్కొక్క పల్లం. పోటీలకు పోయేవాళ్ళు పిడిని తమ చేతికి సరిపోయేదాకా ఆకురాయితో రాసుకుంటూ పోతారట. ఇది ఖాలా భర్త రాసుకున్న పిడి.

ఆయన చక్కెర ఫ్యాక్టరీలో కావలివాళ్ళ మీద అధికారి. అంతకుముందు ఫౌజులో ఉన్నాడు. గురికి పేరున్న మనిషి. నేను బోధన్ రాకముందే పోయాడు. ఆయన్ని నేను చూడలేదు. ఆయన చేతిని మాత్రం చూశాను.

"గిది ఆయన బొటనవేలు. గిది మధ్యవేలు. సిటికెన వేలు సూడు, వంకర ఉన్నది. సిన్నప్పుడు గుర్రం మీదికెల్లి పడ్డడు. అందుకే దస్తా గిక్కడ వంకర," అంటూ ఖాలా తన వేళ్ళు ఒక్కొక్కటే ఆ పల్లాల్లో పెట్టి చూపించింది. ఆమె వేళ్ళు వాటిల్లో మునిగిపోయాయి.

ఆయన పోగానే రివాల్వర్ ఠాణాకు పోయింది. లైసెన్సు ఉన్న మనిషి పోతే సామాను అప్పజెప్పాల్సిందే, అది కాయిదా. ఖాలా బురఖా వేసుకొని ఆఫీసుల చుట్టూ తిరిగింది. కొట్టడం రాని ఆడమనిషికి రివాల్వర్ ఎందుకమ్మా అన్నారట. నేర్చుకొని వస్తనంది. ఊళ్ళో కొందరు పెద్దమనుషులు నడుపుకునే గురి క్లబ్బులో చేరింది. అక్కడి పాత తుపాకులతో నేర్చుకొని, వాళ్ళ చేత సరే అనిపించుకొని, తన పేర లైసెన్సు తెచ్చుకుంది. గల్లీలో అందరూ ఒంటరి మనిషి, దొంగల భయం కాబోలు అనుకున్నారు.

"నా ఇంట్ల దొంగలకు ఏమున్నది బిడ్డా? నాకు గీ దస్తా గావాలె. దీంట్ల ఆయన చెయ్యున్నది," అని నాతో మాత్రం చెప్పింది.

లైసెన్సు నిలవాలంటే క్లబ్బుకు పోతూ ఉండాలి. ఆదివారం ఆదివారం చాంద్‌మారీకి పోయేది. ఊరి బయట మొరం తవ్వగా మిగిలిన గుట్ట ఒకటి ఉండేది. ఆ గుట్టకు కాగితం నిశానాలు కట్టి కొట్టే చోటును చాంద్‌మారీ అనేవాళ్ళు. అక్కడ అందరూ మగవాళ్ళే. తోడుకు రమ్మని నన్ను అడిగింది. మా ఆయన చెరకు తూకం యార్డులో పని చేసేవాడు. చెప్పగానే నోరెళ్ళబెట్టాడు. తర్వాత, "ఇగ కూరల ఉప్పు తక్కువైందని అనాలన్నా సోంచాయించాలె," అన్నాడు. పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. నేను పొమ్మన్నట్టే తీసుకున్నాను.

తోడుకని పోయినదాన్ని ఊరికే కూర్చోగలనా? నాకూ నేర్పమని వెంటపడ్డాను. చాలా రోజులు నా చేతికి గుండు ఇవ్వలేదు. మొదటి పాఠం, పెట్టె తెరవగానే సిలిండర్ పక్కకు తీసి ఖాళీగా ఉందో లేదో చూడటం, పక్కన ఉన్న మనిషికి చూపించడం. ఇప్పుడే చూశాం కదా అంటే ఒప్పుకునేది కాదు.

"సందూక్‌ల ఉన్నా సరే, నిండుగున్నదనే అనుకోవాలె. నువ్వు చూసినవా? నేను చూసిన్నా? ఇద్దరం చూడాలె."

రెండో పాఠం తుడవడం. నాకు ఒళ్ళు మండింది. ఒక్క గుండు కొట్టకముందే తుడుచుడేంది ఖాలా అన్నాను.

"కొట్టినంక ఎవ్వలికీ తుడవబుద్ధి గాదు. అందుకే ముందుగాల తుడుసుడు నేర్వాలె," అంది.

నూనె వేయమంటే నేను ధారగా పోశాను. చప్పున బుడ్డి లాక్కుంది. "తలకు పెడుతున్నవా? ఒక్క సుక్క. అది కూడ గుడ్డకు. ఇనుముకు జర వాసన తగిలితే సాలు," అని పోసిందంతా తుడిపించింది. ఆ తర్వాత మా ఇంట్లో తలుపు బందులకు నూనె వేసినా ఒక్క చుక్కే వేయడం అలవాటైంది.

మూడోది చెంబు. గోడకు ఇటు నేను, అటు ఆమె, చెరో చెంబు చాచి పట్టుకొని మధ్యాహ్నాలు నిలబడేవాళ్ళం. పోటీల్లో రివాల్వర్ ఒంటి చేత్తోనే పట్టాలి, అందుకని ఆ కష్టం. చెంబు పట్టుకునే కబుర్లు చెప్పుకునేవాళ్ళం. నీళ్ళు తొణికితే ఆమె నాలుక చప్పరించేది. గల్లీలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నీళ్ళ కాడ పంచాయతీ అయిందని కొందరు, ఏదో మొక్కు తీర్చుకుంటున్నారని కొందరు అనుకున్నారట. మేము ఎవరికీ విప్పి చెప్పలేదు.

నాకు తొందర ఎక్కువ. పుట్టుకతో వచ్చింది. ట్రిగ్గర్ మీద వేలు పెట్టగానే లాగేయాలనిపించేది. ఖాలా నా వెనక నిలబడి మెల్లగా చెప్పేది. "గుంజకు. మెల్లగ ఒత్తుకుంట పో. ఎప్పుడు పేలిందో నీకే తెల్వద్దు. గప్పుడే నిశానా మీద పడతది." ఇంకోసారి, "నిశానాను చూడకు, మక్కీని చూడు. నిశానా యాడికి పోదు," అనేది. ఇప్పటికీ ఏ పని మీదైనా మనసు తొందరపడితే నాకు ఆ మాటే వినిపిస్తుంది.

మొదటి గుండు కొట్టిన ఆదివారం ఫ్యాక్టరీ వైపు నుంచి మొలాసిస్ వాసన గుప్పుమంటోంది. నా గుండు నిశానాకు చాలా ఎడంగా మొరంలో పడి ఎర్రటి దుమ్ము లేచింది. నేను ఎగిరి గంతేశాను. అక్కడ నేర్పించే ఆయన పోలీసుల్లో పని చేసి దిగిపోయిన మనిషి. హవల్దార్ సాబ్ అనేవాళ్ళం. ఆయన మీసం కింద నవ్వుకొని, "గుట్టనైతే కొట్టినవ్ బిడ్డా," అన్నాడు.

ఏటేటా క్లబ్బు వాళ్ళు తమలో తాము పోటీ పెట్టుకునేవాళ్ళు. ఏటేటా ఖాలా అందరికన్నా వెనకే. కారణం అందరికీ తెలుసు. అంత పెద్ద పిడిలో ఆమె చిన్న చెయ్యి నిలవదు. గుండు పేలినప్పుడల్లా రివాల్వర్ చేతిలో తిరిగిపోతుంది. హవల్దార్ సాబ్ ఆమెకు దండం పెట్టి మరీ చెప్పేవాడు. "అమ్మా, దస్తాకు జర ఆకురాయి పెట్టుకోరి. నీ కంటి నదర్ మంచిగున్నది. పిడి తక్కువ జేస్తే నిన్ను ఆపేటోడు లేడు ఈడ." ఖాలా సరే సరే అని తల ఊపేది. పెట్టేది కాదు.

నాకు కడుపు మండేది. గెలవగలిగి ఓడిపోవడం నాకు అర్థమయ్యేది కాదు. ఒక ఆదివారం తిరిగి వస్తూ రిక్షాలో అడిగేశాను. "నీకు నామోషి గాదా ఖాలా? నిన్నగాక మొన్న వచ్చినోళ్ళు కూడ నీ ముందట ఉంటున్నరు."

ఆమె బురఖా ముసుగు ఎత్తి నా వైపు తిరిగింది. కోపం లేదు. "గెలుసుడు ఎవ్వలికి గావాలె బేటీ? వారానికొక్కసారి ఆయన చెయ్యి పట్టుకొని అందరి ముందట నిలబడుత. ఆయన ఉన్నప్పుడు గట్ల పట్టుకొని నిలబడ్డనా ఎన్నడన్న? మా ఇండ్లల్ల ఉంటదా గసొంటిది?" అంది. ఆ తర్వాత నేనెన్నడూ ఆ మాట ఎత్తలేదు.

అప్పట్నుంచి ఆమె గురి పెట్టేటప్పుడు వేరేగా కనిపించేది. కొట్టే ముందు చాలాసేపు ఊరికే పట్టుకొని నిలబడేది. ఇంట్లో కూడా సాయంత్రాలు తుడవడం అయిపోయాక, పెట్టెలో పెట్టకుండా ఒళ్ళో పెట్టుకొని, పిడి మీద చెయ్యి వేసి కూర్చునేది. చాయ్ చల్లారిపోయేది. నేను గోడ ఇవతల నుంచే చూసి పిలవకుండా వెనక్కి వచ్చేదాన్ని.

ఇట్లా కొన్నేళ్ళు గడిచాయి. నేను ఆమె రివాల్వర్‌తోనే నేర్చుకున్నాను. క్లబ్బులో ఉన్నది పోలీసులు వదిలేసిన పాతది, దాని ట్రిగ్గర్ లాగాలంటే ఇద్దరు కావాలి. ఒక ఏడాది హైదరాబాద్‌లో జరిగే పోటీలో ఆడవాళ్ళకు వేరే వరస పెడుతున్నారని, మన ఊరి నుంచి కూడా ఒకరిని పంపమన్నారని కబురు వచ్చింది. హవల్దార్ సాబ్ నా పేరు చెప్పాడు.

నాకు ఆ పోటీకి పోవాలని ఎంత ఉండిందో ఎట్లా చెప్పను? చదువు బాపు ఆపాడు. పెళ్ళి బాపు చేశాడు. ఇల్లు మా ఆయన చూశాడు. నాకై నేను కోరి నేర్చుకున్నది నా బతుకులో ఇదొక్కటే. ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆయన కూడా వేళాకోళం మాని, "పో. ఎవ్వలన్న ఏమన్నంటే నేను చెప్త," అన్నాడు.

మర్నాడే అసలు సంగతి తెలిసింది. పోటీలో కొట్టినట్టు వరసగా కొట్టి చూపించమన్నాడు హవల్దార్ సాబ్. నా గుండ్లు చెల్లాచెదురుగా పడ్డాయి. ఆయన నిశానా కాగితం చేతిలో పట్టుకొని ఒక్కొక్క చిల్లూ వేలితో తడిమాడు. "బిడ్డ చెయ్యి మంచిది. దస్తా మంచిగ లేదు. గీ దస్తాతోని పోవుడు దండుగ," అన్నాడు ఆఖరికి. ఖాలా అక్కడే ఉంది. నేలచూపులు చూసింది.

పిడికి గుడ్డ చుట్టి చూశాం. చెమటకు జారింది. మంచాలు చేసే వడ్ల ఆయన దగ్గరికి పోయి, కొత్త పిడి చేసివ్వమని ఖాలా తనే అడిగింది. ఆయన పాత పిడిని అటూ ఇటూ తిప్పి చూసి, మంచం కోడు కన్నా దీనికే ఎక్కువ వంపులున్నయమ్మా అని గొణుక్కుంటూ టేకుతో ఒకటి చేశాడు. చూడటానికి బాగానే ఉంది. రెండు గుండ్లు కొట్టగానే స్క్రూ దగ్గర నిలువునా పగిలింది. ఇంకోటి చేసేందుకు వ్యవధి లేదు.

నేను ఖాలా ఇంటికి పోయి చెప్పేశాను. "నేను పోను ఖాలా. వచ్చే ఏడు చూద్దాం. నువ్వేం ఫికర్ జేయకు." గొంతు బాగానే నిలబెట్టుకున్నాననుకున్నాను. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చొని ఏడ్చాను. ఆ పిడికి ఆకురాయి పెట్టమని అడిగే నోరు నాకు లేదు. ఎవరికి ఉంటుంది?

మర్నాడు మధ్యాహ్నం గోడ అవతల నుంచి కేక వచ్చింది. "బేటీ, సబ్బు పెట్టి చేతులు కడుక్కొని రా."

పోయాను. వరండాలో చాప పరిచి ఉంది. పెట్టె తెరిచి ఉంది. సిలిండర్ పక్కకు తీసి రివాల్వర్ పెట్టింది. నాకు చూపించింది, నేను చూశాను. పక్కన గిన్నెలో నూనెతో కలిపిన పసుపు. మా కోటగిరి చేను పసుపే, ఏటా నేను తెచ్చి ఇచ్చేదాన్ని. ఎవరింట్లోనైనా పెళ్ళి పని ఉందేమో అనుకున్నాను. ఆమె నా కుడి అరచెయ్యి లాక్కొని, మునివేళ్ళ దాకా పసుపు పల్చగా రాసింది. "ఇగ దస్తా పట్టుకో. గట్టిగ. గురి పెట్టినట్టు."

పట్టుకున్నాను. ఆమె నా వేళ్ళు విప్పి, రివాల్వర్ తీసుకొని, స్క్రూ తిప్పి కట్టెను విడిగా తీసింది. నల్లటి కట్టె మీద నా చెయ్యి తగిలిన చోటల్లా పసుపు మరకలు పడ్డాయి. కొన్ని చోట్ల దట్టంగా, కొన్ని చోట్ల అసలు లేవు. దట్టంగా అంటిన చోట చెయ్యి ఒత్తుతున్నట్టు, అక్కడ కట్టె అరగదీయాలి. కొంగు కింద నుంచి ఆకురాయి తీసింది.

అప్పుడు గాని నాకు వెలగలేదు. చేతికి పసుపు ఉందని కూడా చూడకుండా ఆమె మణికట్టు పట్టేసుకున్నాను. "వద్దు ఖాలా. నీకు దండం పెడత. నాకు ఏ పోటీ వద్దు."

"చెయ్యి ఇడువు."

"ఆయన చెయ్యి ఖాలా గది!"

"ఎవ్వల చెయ్యో నువ్వు నాకు చెప్తవా?" మొదటిసారి, ఆఖరిసారి ఆమె నా మీద గట్టిగా అరిచింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆయన ఉంటే ఏం జేస్తుండెనో నాకెరుక. మంచిగ కొట్టేటోడు దొరికితే ఇంట్ల అన్నం కూడ మర్సిపోయేటోడు. ఇన్నేండ్లు నా కోసం పట్టుకొని కూసున్న. ఇగ సాలు. నువ్వు పోవాలె."

ఆకురాయి కట్టె మీద మొదటిసారి గరగరమన్న చప్పుడు నా ఒంటి మీదే రాసినట్టుంది. సన్నటి పొట్టు చాప మీద రాలింది. చిటికెన వేలి దగ్గర ఉన్న వంకర పల్లంతోనే మొదలుపెట్టింది. కష్టమైనదే ముందు తీసేయాలనుకుంది కాబోలు. ఆమె కళ్ళల్లో చుక్క నీరు లేదు. నాకే ఆగలేదు. చేత్తో తుడుచుకోబోతే, "కండ్లల్లకు పసుపు పోతది, మంట లేస్తది, ఆగు," అని తన కొంగుతో తుడిచింది. మళ్ళీ పసుపు రాసింది, మళ్ళీ పట్టుకోమంది, మళ్ళీ విప్పింది, మళ్ళీ ఆకురాయి పెట్టింది. ఆ సాయంత్రం, ఆ తర్వాత పోటీ దాకా మిగిలిన సాయంత్రాలన్నీ అదే పని. పిడినిండా ఒకే తీరున పసుపు అంటేదాకా వదలలేదు.

హైదరాబాద్‌కు ఇద్దరం రైల్లో పోయాం. లైసెన్సు ఆమెది కనుక ఆమె ఉండాల్సిందే. పెట్టెను దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుంది. అక్కడ సామాను చూసే అధికారి పిడిని అటూ ఇటూ తిప్పి, ఈ రంగు ఎట్లా వచ్చింది, ఇది ఏ దేశపు కట్టె అని అడిగాడు. నల్లగా ఉన్న కట్టె పసుపు నూనె తాగి తాగి బంగారు రంగుకు తిరిగింది. ఖాలా ముసుగులోంచే గంభీరంగా, "మా జిల్లదే సాబ్," అంది. నేను పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకున్నాను.

నాకు పతకం రాలేదు. పేరున్న ఇళ్ళ ఆడపిల్లలు, చిన్నప్పటి నుంచి కొట్టేవాళ్ళు వచ్చారు. అయితే నా గుండ్లన్నీ నిశానా నడుమకు దగ్గరగా ఒక్క చోటే గుమిగూడాయి. ఆ కాగితం చూసి ఖాలా "సూసినవా, సూసినవా," అని నా వీపు మీద చరిచిన దెబ్బ నాకు ఏ పతకమూ ఇవ్వలేని సంతోషం ఇచ్చింది. తిరుగు రైల్లో జనం ఎక్కువై ఇద్దరం ఒత్తుకొని కూర్చున్నాం. కామారెడ్డి దాటాక ఆమె నా కుడిచెయ్యి తీసుకొని తన అరచేతిలో పెట్టుకుంది. బొటనవేలితో నా వేళ్ళ సందులు మెల్లగా రాస్తూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నిజామాబాద్ వచ్చేదాకా వదల్లేదు.

ఆ తర్వాత ఆమె రివాల్వర్‌ను ఒళ్ళో పెట్టుకొని కూర్చోవడం నేను చూడలేదు. తుడిచి పెట్టెలో పెట్టేసేది. నన్ను గోడ దగ్గరికి పిలిచి, "చెయ్యి ఇయ్యి," అనేది. ఏం పని ఉన్నా ఆపుకొని ఇచ్చేదాన్ని. మా ఆయనకు బదిలీ అయి మేము నిజామాబాద్ వచ్చేశాక కూడా, పోయినప్పుడల్లా కుశలం అడగకముందే ఆమె చెయ్యి చాచేది. రంజాన్‌కు పోయాను, మొన్న వానాకాలంలో పోయాను. ఇంకా పోయి ఉండాల్సింది. ఎంత పోయినా ఇప్పుడు ఇట్లాగే అనిపించేదేమో.

మగవాళ్ళు మట్టి ఇచ్చి వచ్చిన ఆ రోజే ఆడవాళ్ళ నడుమ కూర్చొని ఉంటే, ఆమె చెల్లెలి కొడుకు నన్ను లోపలి అర్రలోకి పిలిచాడు. అల్మారీ తీసి పెట్టె బయట పెట్టాడు. "అక్కా, ఇది రేపు ఠాణాల జమ జేయాలె. ఖాలా ఎప్పుడో చెప్పింది, లైసెన్స్‌కు నువ్వు దరఖాస్తు పెడితే నీకే రావాల్నని. పెడుతవా?"

పెడతానన్నాను. ఒక్క నిమిషం నన్ను ఉండనిమ్మన్నాను. అతను తలుపు దగ్గరికి జరిగాడు. సిలిండర్ తీసి చూశాను. అతనికీ చూపించాను. అతను ఎందుకో అర్థం కాకపోయినా తల ఊపాడు. నేను రివాల్వర్ చేతిలోకి తీసుకున్నాను.

ఏం వెతుక్కుంటున్నానో నాకు తెలుసు. ఆయన పోయాక ఆమెకు ఆయన చెయ్యి దొరికింది. నాకూ అట్లా ఏమైనా దొరుకుతుందేమోనని ఆశ. కళ్ళు మూసుకొని పిడి పట్టుకున్నాను. బొటనవేలు దాని మెట్టు మీద కూర్చుంది. చిటికెన వేలు దాని పల్లంలో ఒదిగింది. ఎక్కడా ఖాళీ లేదు, ఎక్కడా ఒత్తిడి లేదు. ఖాలా అంత బాగా రాసింది. వేళ్ళు అటు జరిపి, ఇటు జరిపి, ఆ పిడి అంతా తడిమాను. ఆయన చెయ్యి లేదు. ఖాలా చెయ్యి ఎన్నడూ లేదు. ఉన్నదంతా నా చెయ్యే.